సున్నం కింద పేర్లు

నేను రాసేది సమాధుల మీద. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ల మొహం ఒక రకంగా అయిపోతుంది. ప్రొద్దుటూరుకు నెలకోసారి వచ్చే కీళ్ల డాక్టరు కూడా అంతే. మొదటిసారి పోయినప్పుడు నా వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూస్తూ, ఏం పని చేస్తారమ్మా అని అడిగాడు. జమ్మలమడుగులో డ్రాయింగు టీచరునని చెప్పాను. "అయితే బోర్డు మీద రాత ఎక్కువుంటుందేమో" అన్నాడు. "బడిలో తక్కువే సార్, సమాధుల మీదే ఎక్కువ" అన్నాను. ఆయన నా చెయ్యి వదిలేసి, కళ్లజోడు సర్దుకుని, చీటీ రాసుకోవడం మొదలుపెట్టాడు.

రక్తపరీక్షలు వచ్చాక అది కీళ్లవాతమని తేల్చాడు. పూర్తిగా పోయే జబ్బు కాదట, అదుపులో పెట్టుకునే జబ్బట. "మరి బ్రష్షు పట్టుకోవచ్చా?" అని అడిగాను. "పట్టుకోగలిగినన్నాళ్లు పట్టుకోండి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అదేం జవాబు? పొద్దున్నుంచి బల్ల మీద కూర్చుని, నడుం పడిపోయి, ఇది వినడానికా నేను వచ్చింది? జమ్మలమడుగు బస్సులో దారి పొడుగునా ఆ మనిషిని తిట్టుకుంటూనే వచ్చాను. ఆయన దగ్గర అంతకంటే నిజమైన జవాబు లేదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ముందు ఈ సమాధుల సంగతి చెప్పాలి. మా అత్తగారి ఊరు పులివెందుల. మా క్రైస్తవుల సమాధుల తోట ఊరి బయట, చీనీ, అంటే బత్తాయి, తోటలకు పోయే దారిలో ఉంది. ఏటా నవంబరు మొదట్లో సమాధుల పండుగ వస్తుంది. ఎక్కడెక్కడి వాళ్లూ ఆ రోజు పూలు, కొవ్వొత్తులు పట్టుకుని వచ్చి తమవాళ్ల దగ్గర కూర్చుంటారు. దానికి వారం ముందు సమాధులన్నిటికీ సున్నం కొట్టిస్తారు. సున్నం పడని సమాధి ఒకటి కనపడిందంటే ఆ ఇంటికి తలవంపులే. పోయినవాళ్లకు ఎవరూ దిక్కు లేరని లోకం అనుకుంటుంది.

డబ్బున్నవాళ్లు రాయి చెక్కించుకుంటారు. చెక్కిన అక్షరం సున్నం కింద కూడా తెలుస్తుంది. లేనివాళ్లకు ఇటుకలు, ఇటుకల మీద సున్నం, సున్నం మీద నల్ల పెయింటుతో రాసిన పేరు. ఏటా సున్నం కొట్టగానే ఆ పేరు కనపడకుండా పోతుంది. మళ్లీ ఎవరో ఒకరు కూర్చుని పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు, కింద ఒక వాక్యం రాయాలి. ఆ పని మా మామ, అంటే మా ఆయన తండ్రి, బతికినంత కాలం చేశాడు. మిగతా రోజుల్లో లారీలకు నంబర్లు, అంగళ్లకు బోర్డులు రాసేవాడు. కొడుకుకు ఆ చెయ్యి రాలేదు. ఆర్టీసీలో కండక్టరయ్యాడు. "వీనికి టికెట్టు చింపేది తప్ప ఇంగేమీ రాదు పాపా" అని నా ముందే అనేవాడు మామ. మా ఆయన నవ్వేవాడు, నిజమే కదా అని.

పెళ్లయిన మొదటి ఏడే మామ నన్ను తోటకు తీసుకుపోయి ఒక సమాధి ముందు కూర్చోబెట్టాడు. "బోర్డు రాసేది వేరు పాపా, ఈడ రాసేది వేరు. బోర్డు తప్పయితే అంగడాయప్ప వచ్చి కొట్లాడతాడు. ఈడ తప్పయితే ఎవురొచ్చి చెప్తారు?" అన్నాడు. ఆయనకు ఒక కట్టుబాటు ఉండేది. సున్నం కొట్టేవాళ్లు రాకముందే తోటంతా తిరిగి, ప్రతి సమాధి మీదున్న రాతను నోటుబుక్కులో ఎక్కించుకోవాలి. తల వైపు ఇటుక మీద మేకుతో ఒక నంబరు గీయాలి, ఆ నంబరు బుక్కులో వేసుకోవాలి. కంఠతా వచ్చినా సరే, ఏటా కొత్తగా ఎక్కించాల్సిందే. పాత బుక్కు చూసి రాయడం ఆయన దృష్టిలో దొంగతనంతో సమానం. సున్నం కొట్టిన తర్వాత అన్నీ ఒక్కటేగా ఉంటాయి, మనిషి కంటిని నమ్మకూడదు అనేవాడు.

మామ పోయాక ఆ పని నాకు వచ్చింది. దాన్ని ఎవరూ కళ అనరు. ఎగ్జిబిషన్లో పెట్టరు, పత్రికలో వేయరు. అయినా నేను మాత్రం కళ అనే అంటాను. ఎవరేమనుకున్నా నాకేం? బడిలో నేను గీసేది కుండ, మామిడిపండు, జాతీయ జెండా. పిల్లలు వాటినే మళ్లీ గీస్తారు. నాదంటూ ఒక గీత ఉందంటే అది ఆ తోటలోనే ఉంది. 'అక్షరం నిలబడితే సాలదు, కూసోవల్ల' అనేవాడు మామ. నా అక్షరం కూర్చునేది. తెల్లటి సున్నం మీద నల్లగా, తడిగా, ఒక్క వణుకు లేకుండా. రాసి లేచి నాలుగడుగులు వెనక్కి పోయి చూసుకునేదాన్ని. ఆ సుఖం నాకు ఇంకెక్కడా దొరకలేదు, పెళ్లిలో కూడా దొరకలేదని మా ఆయన ముందే అంటాను.

జబ్బు బడిలో బయటపడింది. సుద్దముక్క చేతిలోంచి జారిపోయేది. చికెన్‌గున్యా వచ్చి పోయిన నొప్పులే అనుకుని ఏడాది గడిపాను. తర్వాత పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. వేడినీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని అరగంట కూర్చుంటే గానీ కొళాయి తిప్పలేను. కాఫీ గ్లాసు మా ఆయన నా రెండు అరచేతుల మధ్య పెడతాడు. జడ కూడా ఆయనే వేస్తాడు. వంకరగా వేస్తాడు, నేను తిడతాను, ఆయన విప్పి మళ్లీ వంకరగానే వేస్తాడు. మా ఇంట్లో తెల్లారేది ఇలాగే.

ఈ జబ్బు సంగతి మేమిద్దరం బయట ఎవరికీ చెప్పలేదు. కారణం ఉంది. మా చర్చి సంఘ పెద్దలు అప్పటికే గ్రానైటు పలకల మాట ఎత్తారు. ప్రొద్దుటూరులో మిషను మీద చెక్కించి తెస్తే ఏటా ఈ రాతలు ఉండవు కదా అని. మామ ఉన్నన్నాళ్లు అడ్డుపడ్డాడు. తర్వాత నేను అడ్డుపడ్డాను. టీచరమ్మ చెయ్యి పోయిందని తెలిస్తే వాళ్లకు అంతకంటే ఏం కావాలి? పని నా చేతిలోంచి పోతుంది. జబ్బు వేళ్లకే కదా వచ్చింది, కానీ ఆ పని పోతే నేనే మిగలను. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు, అప్పుడు నాకు ఉన్న భయం అదొక్కటే.

డాక్టరు నాకు వారానికోసారి వేసుకునే మాత్ర ఇచ్చాడు. శనివారం వేసుకుంటే ఆదివారమంతా కడుపులో తిప్పి, అన్నం చూస్తేనే వాంతి వచ్చేది. మూడేళ్ల కింద, అక్టోబరులో, పండుగ పని దగ్గర పడుతోందని ఆ మాత్ర మానేశాను. మూడు వారాలు వేసుకోకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మూడో వారం దాటగానే మణికట్లు బోండాల్లా వాచాయి. జ్వరం. మంచం మీద పక్కకు తిరగాలంటే మా ఆయన తిప్పాలి.

సరిగ్గా ఆ వారంలోనే పులివెందుల పోయి రాతలు ఎక్కించుకోవాల్సింది. సున్నం కొట్టే ఆయన ఫోను చేశాడు. "టీచరమ్మా, ఎప్పుడొస్తాండావు? నువ్వు రాసుకుంటే మేము పని మొదలుపెడతాం" అన్నాడు. ఇంకో రెండు రోజులు ఆగప్పా అంటే ఎందుకని అడుగుతాడు. ఒంట్లో బాగా లేదంటే పెద్దల చెవిన పడుతుంది. "నేను రాసుకున్నాలే, మీరు కొట్టేయండి" అన్నాను. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందంటే, ఫోను పెట్టేశాక కూడా నేను చేసిందేమిటో నాకు తట్టలేదు. మా ఆయన మాత్రం నా వైపు చూసి "అదేందే?" అన్నాడు. "పాత బుక్కుంది కదా, గమ్మునుండు" అని కసిరాను.

పండుగకు మూడు రోజుల ముందు మా వీధిలోనే ఉన్న చిన్న డాక్టరు దగ్గరికి పోయి సూది వేయించుకున్నాను. ఆ సూది మంచిది కాదని ప్రొద్దుటూరు ఆయన చెప్పే ఉన్నాడు. అయినా వేయించుకున్నాను. మరునాడు లేచేసరికి, దేవుడా, వేళ్లు తెరుచుకున్నాయి. జబ్బు రాకముందు ఉన్న చెయ్యి నాకు తిరిగి వచ్చింది. కొళాయి నేనే తిప్పాను, జడ నేనే వేసుకున్నాను. ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సులో కూర్చుని, వేళ్లు ముడిచి తెరిచి, ముడిచి తెరిచి, చిన్నపిల్లలాగా ఏడ్చాను.

రెండు రోజులు రాశాను. అంత బాగా నేను ఎప్పుడూ రాయలేదు. పాత బుక్కు ఒళ్లో పెట్టుకుని, గేటు నుంచి వరసలు లెక్క పెట్టుకుంటూ, అన్నం కూడా మరిచిపోయి రాశాను. ఇటుకల మీద మేకుతో గీసిన పాత నంబర్లు సున్నం నిండి పూడిపోయాయి. చాలావరకు పక్కనున్న చెక్కిన రాళ్ల ఆసరాతో గుర్తుపట్టాను. యాపచెట్టు కింది వరసలో మాత్రం రెండు సమాధులు పక్కపక్కనే, ఒకే పొడుగు, ఒకే ఎత్తు, అటూ ఇటూ రాయి లేదు. బుక్కులో 'చెట్టు నుంచి మొదటిది', 'చెట్టు నుంచి రెండోది' అని ఉంది. నేను దారి వైపు నుంచి వచ్చాను కాబట్టి దారి వైపున్నదాన్ని మొదటిదనుకున్నాను. చెయ్యి అంత బాగా ఆడుతుంటే బుర్ర ఆగి ఆలోచించలేదు. ఆ రెంటి మీద అక్షరాలు ఎంత ముద్దుగా కూర్చున్నాయంటే, ఫోనులో ఫోటో కూడా తీసుకున్నాను.

పండుగ రోజు పొద్దున్నకే సూది బలం దిగిపోయింది. వేళ్లు మళ్లీ బిగిశాయి. చేతులు కొంగు కింద దాచుకుని మా ఆయనతో కలిసి తోటకు పోయాను. ప్రతి ఏడూ అలా పోయి, జనం పేర్లు చదువుకోవడం చూస్తూ తిరగడం నాకు అలవాటు. యాపచెట్టు దగ్గర ఏదో మాటామాటా వినపడింది.

వేముల పక్క పల్లె నుంచి ఏటా ఆటోలో వచ్చే ఒక అవ్వ ఉంది. చదువు రాదు. భర్త పోయి ఇరవై ఏళ్ల పైనే. ఆమె ఎప్పటిలాగే తిన్నగా వచ్చి చెట్టు పక్క సమాధి దగ్గర కూర్చుని, కనకాంబరాలు పరిచి, కొవ్వొత్తి వెలిగించుకుంది. అంతలో ఒక రిటైరైన హెడ్మాస్టరు కుటుంబంతో వచ్చాడు. పక్క సమాధి వాళ్ల అమ్మది. ఆయన చదువుకున్న మనిషి, పేరు చదువుకుంటూ వచ్చి అవ్వ కూర్చున్న చోట ఆగాడు.

"అవ్వా, లెయ్, ఇది మా అమ్మది. నీది ఆ పక్కది" అన్నాడు.

"అదేందప్పా! మా ఆయప్ప యాడుండేది నాకు తెలీదా? సెట్టు కాడ నుంచి మూడడుగులు. మన్ను కప్పిన పొద్దు నుంచి ఈడ్నే కూసుంటాండా."

"పేరు రాసుండారు సూడవ్వా. ఇదో, మా అమ్మ పేరు. ఇదో, పోయిన తేదీ. నీ మొగుని పేరు ఆడుండాది" అని ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చూపించాడు. ఆయన గొంతులో దురుసేమీ లేదు, అది వేరే చెప్పాలి.

మొదటిదంటే చెట్టు వైపుది, నేను తారుమారుగా రాశానని అప్పుడు నాకు తెలిసింది. అవ్వ తలెత్తి చూసేసరికి నేను ఎదురుగా ఉన్నాను.

"టీచరమ్మా, నువ్వొస్తివా. నువ్వే గదా రాసింది. నువ్వు సెప్పు, ఇది ఎవురిది?"

నేను నోరు తెరిచి తప్పు నాదే అని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. నేను అనలేదు. హెడ్మాస్టరు వెనక సంఘ పెద్ద ఒకాయన నిలబడి వింటున్నాడు. తల ఊపాను. రాసిందే నిజం అన్నట్టు తల ఊపాను. నా బతుకులో నేను చేసిన పనులన్నిటిలోకి నీచమైనది అదే.

అవ్వ పరిచిన పూలు ఒక్కొక్కటే ఏరి ఒడిలో వేసుకుంది. కొవ్వొత్తి ఆర్పింది. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేచి, పక్క సమాధి దగ్గరికి పోయి కూలబడింది. సున్నం మీద చెయ్యి పెట్టి, అక్కడ పడుకున్న మనిషితో చెప్పుకుంటూ ఏడ్చింది. "ఇన్నేండ్లు ఎవురి కాడనో కూసోని ఏడ్సినానే సామీ. నువ్వు ఈడ ఒంటరిగా పండుకోనుంటే పక్కన కూసోని ఇంగొకరికి పూలు పెడితినే. పిలిస్తే పలక్కపోతివి, అనుకుంటాండా, ఎందుకు పలకడే అని. సదువు లేని ముండను, నన్ను తిట్టుకోవాకు."

అవ్వ ఇరవై ఏళ్ల ఏడుపును నేను ఒక్క తల ఊపుడుతో తప్పు చేసేశాను.

"అవ్వా!" అని అరిచాను. తోటలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. "నువ్వు కూసున్నదే నీది. తప్పు నీది కాదు. నేను తప్పు రాసినా. సున్నం కొట్టకముందు నేను ఈడికి రాలేదు, వచ్చినానని అబద్ధం చెప్పినా. నా చేతులు పనిచేయడంలేదు" అని కొంగు తీసి రెండు చేతులూ చాచాను. వాచిన మణికట్లు, పక్కకు ఒరిగిన వేళ్లు. ఎన్నేళ్లుగానో దాచినవి అందరి ముందూ అలా పెట్టుకుని నిలబడ్డాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

హెడ్మాస్టరు భార్య "చేతగానప్పుడు ఒప్పుకోకూడదమ్మా, ఇదేమన్నా ఆటా?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఆయన మాత్రం నా చేతుల వైపు ఒకసారి చూసి, "మాది మీరు రాయొద్దులేమ్మా, మేము రాయి చెక్కించుకుంటాం" అన్నాడు. సంఘ పెద్ద తర్వాత మాట్లాడదామన్నాడు. ఆ మాట ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు.

మిగిలింది అవ్వ. సున్నం కొట్టే ఆయన దగ్గర తాపీ అడిగి తెప్పించి, రెంటి మీదా తప్పు అక్షరాలు గీకించాను. కొత్త సున్నం పట్టించాను. అది ఎండేదాకా అవ్వా నేనూ యాపచెట్టు నీడలో కూర్చున్నాం. ఆమె నా కుడిచెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, వేలు వేలు తడిమి చూసి, "ఇంత నొప్పి పెట్టుకోని ఎవురికీ సెప్పుకోకపోతివా" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

తర్వాత అవ్వ భర్త పేరు రాశాను. బ్రష్షు వేళ్ల మధ్య నిలవకపోతే మా ఆయన చేతిరుమాలుతో కట్టాడు. ఒక అక్షరం రాయడం, చెయ్యి దించుకోవడం, మళ్లీ ఒక అక్షరం. జనం పండుగ వదిలేసి నా చుట్టూ మూగారు. నా చెయ్యి వణకడం ఊరంతా చూసింది. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది. రాయడం అయిపోయాక అవ్వ వంగి, తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ తూరి వంకరగా ఉండాయే" అంది.

"అవునవ్వా."

"ఉండనీలే, నేనేమన్నా సదువుతానా" అని కనకాంబరాలు పరుచుకోవడం మొదలుపెట్టింది.

పండుగ అయిన రెండు వారాలకు సంఘం నుంచి కబురు వచ్చింది. టీచరమ్మ ఆరోగ్యం దృష్ట్యా ఇకమీదట ఆమెను ఇబ్బంది పెట్టదలచుకోలేదట. గ్రానైటు పలకలు వేయిస్తారట, లేనివాళ్లకు సంఘమే పెట్టుకుంటుందట. ఎంత మర్యాదగా చెప్పారో! ఆ మర్యాదకు నాకు వచ్చిన కోపం మా ఆయన మీద, గిన్నెల మీద, బడిలో పిల్లల మీద పడింది. కొన్నాళ్లు బ్రష్షులు అటక మీద పడేశాను. మళ్లీ మాత్రలు మొదలుపెట్టాను. ఆదివారాలు కడుపులో తిప్పడం మొదలైంది. ఆరేడు నెలలకు వాపు కొంత తగ్గింది గానీ పాత చెయ్యి రాలేదు. రాదని డాక్టరు చెప్పాడు. ఈసారి ఆయన్ని తిట్టుకోలేదు.

మరుసటి అక్టోబరులో నాకు తోటలో పనేమీ లేదు. అయినా పండుగకు రెండు రోజుల ముందు పోయాను. ఎందుకు పోయానో అడిగితే చెప్పలేను. సున్నం అయిపోయింది. ఎటు చూసినా తెల్లగా, కొత్త నల్ల పలకలు తళతళలాడుతూ, మిషను చెక్కిన అక్షరాలు అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. బాగున్నాయి, బాగాలేవని అబద్ధం చెప్పను. యాపచెట్టు కింద ఒక్క సమాధి మాత్రం సున్నం లేకుండా, వానకు నాచు పట్టి, మాసిపోయి ఉంది. దాని మీద నా వంకర అక్షరాలు అక్కడక్కడా పొరలు లేచి ఉన్నాయి. పక్కన అవ్వ కూర్చుని ఉంది.

"పలక ఉత్తగా ఇస్తామన్నా వద్దనింది. సున్నం కొట్టబోతే కట్టె ఎత్తుకోని తరుముకుంది, రెండు దినాల నుంచి ఈడ్నే కాపలా" అని సున్నం కొట్టే ఆయన మొత్తుకున్నాడు.

నేను పోయి ఆమె ఎదురుగా నిలబడ్డాను. "ఏందవ్వా ఇది? పండగ పూట ఇట్ల పెట్టుకుంటారా? నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనీ."

"సున్నం ఎందుకొద్దంటాండావు?"

"సున్నం కొడితే నువ్వు రాసింది పోతాది. పోతే మల్ల నువ్వు రాయల్ల, ఆ చేత్తో. నేను సూసినా గదా నువ్వు ఎట్ల రాస్తివో" అంది. "నాకు ఇవి సాలు తల్లీ. మా ఆయప్పకూ సాలు."

దిక్కులేని సమాధి అని లోకం అంటుందని తెలిసి కూడా, భర్త సమాధిని అలా మాసినట్టే ఉంచుకుంది, నా చెయ్యి నొప్పి పడకూడదని. నాకు దండం పెట్టాలనిపించాల్సింది. కానీ నాకు వచ్చింది కోపం. ఎక్కడ లేని కోపం వచ్చింది. అందరూ కలిసి నా మీద జాలిపడి, నా పని నా చేతిలోంచి ఒక్కొక్కటే లాక్కుంటుంటే, చివరికి ఈ చదువు రాని అవ్వ కూడానా?

"నేనింకా సావలేదవ్వా!" అని అరిచాను. "నొప్పి నాది. చెయ్యి నాది. రాయల్లో వద్దో నేను సెప్తా, నువ్వు కాదు."

అవ్వ బిత్తరపోయి చూసింది. తర్వాత బోసినోటితో నవ్వింది. "మీ మామ కూడా ఇట్లనే అరిసేటోడు" అని లేచి పక్కకు జరిగింది.

నేనే బకెట్టు తెచ్చి, నేనే సున్నం పూశాను. మరునాడు పొద్దున తొమ్మిదికి వేళ్లు కాస్త వదులయ్యాక మొదలుపెడితే సాయంత్రం నాలుగయింది. ఆ నాలుగు వరుసల రాత ఒకప్పుడు నాకు ముప్పావు గంట పని. ఈ చేతికి పాత అక్షరం రాదు. వణికే చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చి, గీతను లావు చేసి, వంపును పెద్దది చేసి రాశాను. అవి మామ అక్షరాలు కావు, నా పాత అక్షరాలూ కావు. కానీ కూర్చున్నాయి. మధ్యాహ్నం ఎండకు అవ్వ తన కొంగు నా తల మీద పట్టుకుని నిలబడింది, వద్దన్నా వినలేదు.

రాతలో చివరి వరుసకు వచ్చేసరికి అవ్వ, ఆ సమాధికి ఎడమ పక్కనున్న ఖాళీ జాగా చూపించి, "అది నాకు పెట్టుకోనుండా. దానికీ నువ్వే రాయల్ల" అంది.

నేను బ్రష్షు ఆపాను. ఒకసారి తల ఊపి చేసిన పాపం చాలు, ఈసారి నిజమే చెప్పాలనుకున్నాను. "అప్పటికి ఈ చెయ్యి ఉంటాదో లేదో అవ్వా. ఏటేటికీ బలం తగ్గతాండాది. డాక్టరు కూడా సెప్పలేడు" అన్నాను.

ఆమె నా చేతి వైపు చూసింది, ఖాళీ జాగా వైపు చూసింది. కూరగాయల బేరం తేల్చినంత మామూలుగా, "అయితే నీ చెయ్యి పోకముందే నేనే బిన్నా పోతాలే" అంది.

అది తమాషా కాదు. ఆమె కళ్లలో ఎక్కడా నవ్వు లేదు. "నువ్వేం తొందరపడొద్దు. నిదానంగా రా. నేనుంటా, నేనే రాస్తా" అన్నాను. ఆ మాట నిలబెట్టుకోగలనో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. రోజూ పొద్దున వేళ్లు తెరుచుకోగానే కాగితం మీద ఆ అవ్వ పేరు ఒకసారి రాసి చూసుకుంటాను.